ఏడు టైటిళ్లు గెలిచిన ప్లేనో ఫుట్‌బాల్ ఇప్పుడు ఎందుకు నిలకడగా గెలవలేకపోతోంది?

లైన్‌మన్_నాన్న:

టెక్సస్‌లోని ప్లేనో సీనియర్ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఏడుసార్లు రాష్ట్ర విజేత. 1965, 1967, 1971, 1977, 1986, 1987, 1994. 1977 ఫైనల్లో పోర్ట్ నెచెస్-గ్రోవ్స్ జట్టును 13-10తో ఓడించినప్పుడు ఆ ఆట చూడటానికి దాదాపు 50 వేల మంది వచ్చారు. హైస్కూల్ పిల్లల ఆటకు! 1994 తర్వాత మళ్లీ టైటిల్ రాలేదు. ఒక ఏడాది ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివరి నాకౌట్ పోటీలకు) వెళ్తారు, మరుసటి ఏడాది చతికిలబడతారు. అలా జరిగిన ప్రతిసారీ ఊరంతా కోచ్ మీద పడుతుంది.

నా వాదన వేరు. తప్పు మైదానం పక్కన నిలబడిన మనిషిది కాదు, బడిని విడగొట్టిన పద్ధతిది. ప్లేనోలో సీనియర్ హైస్కూల్ అంటే 11, 12 తరగతులే. 9, 10 తరగతుల పిల్లలు క్లార్క్, వైన్స్ అనే రెండు వేరే ప్రాంగణాల్లో చదువుతారు. ఆ రెండేళ్లూ వాళ్లవి వేర్వేరు జట్లు, వేర్వేరు కోచ్‌లు, బరువులెత్తే గదులు కూడా వేరే. ఒకరిద్దరు ముందే వార్సిటీకి, అంటే బడి ప్రధాన జట్టుకు, వెళ్తే వెళ్లవచ్చు. మిగతావాళ్లు 11వ తరగతిలో ఒకచోట చేరేసరికి ఆడటానికి రెండే సీజన్లు మిగులుతాయి.

మా అబ్బాయి అఫెన్సివ్ లైన్‌లో, అంటే ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే ఐదుగురిలో, ఆడాడు కాబట్టి దగ్గర నుంచి చూశాను. బంతి కదలకముందే ఎదుటి జట్టు అమరిక మారుతుంది. వరస మధ్యలో ఉండే సెంటర్ ఒక్క మాట అరుస్తాడు. అతని పక్కనుండే గార్డు, వరస చివరనుండే టాకిల్‌ను మోచేత్తో తడతాడు. ఎవరిని ఎవరు అడ్డుకోవాలో ఆ క్షణంలోనే మారిపోతుంది. ఒకడు ఎడమకు అడుగు వేసి పక్కవాడు కుడికి వేశాడంటే వెనక బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. ఈ ఐదుగురు మూడు నాలుగేళ్లు భుజం భుజం కలిపి ఆడితేనే ఇది కుదురుతుంది. పరుగెత్తేవాడు పుట్టుకతోనే వేగంగా పరుగెత్తవచ్చు. లైన్ మాత్రం తయారు కావలసిందే.

స్కోరుబోర్డు:

లైన్‌మన్ నాన్న గారూ, మీ వాదన సౌత్‌లేక్ దగ్గర ఆగిపోతుంది. సౌత్‌లేక్ ఊరి క్యారల్ హైస్కూల్‌లోనూ 9, 10 తరగతులు ఒక ప్రాంగణం, 11, 12 తరగతులు మరో ప్రాంగణం. అదే విభజన. వాళ్లు 2002 నుంచి 2006 వరకు 79 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటి ఓడారు. ఆ ఒక్కటీ 2003 ఫైనల్లో కేటీ హైస్కూల్ మీద, 16-15తో. ఐదేళ్లలో నాలుగు టైటిళ్లు. తేడా ఎక్కడుంది? కోచ్ టాడ్ డాజ్ దగ్గర. ఆయన తర్వాత ఆస్టిన్‌లోని వెస్ట్‌లేక్ హైస్కూల్‌కు వెళ్లి 2019, 2020, 2021లో వరసగా మూడు టైటిళ్లు గెలిచారు. మనిషి మారితే ఫలితం మారుతుంది.

బడి విడిపోవడమే కారణమైతే 1994 సంగతేమిటి? ప్లేనో ఈస్ట్ 1981లోనే తెరిచారు. 1994 నాటికి ఊరి పిల్లలు రెండు సీనియర్ హైస్కూళ్లకు పంచుకుపోయి ఉన్నారు. అయినా ఆ ఏడాది ప్లేనో సీనియర్ డివిజన్ 1 టైటిల్ గెలిచింది (పై వర్గంలో రెండు డివిజన్లు, ఒక్కోదానికి ఒక విజేత). ప్లేనో ఈస్ట్ ప్లేఆఫ్స్‌లో జాన్ టైలర్ హైస్కూల్ మీద ఆడిన ఆట ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరి మూడు నిమిషాల్లో వరసగా మూడు ఆన్‌సైడ్ కిక్‌లు (బంతిని మళ్లీ తామే అందుకోవాలని కొట్టే చిన్న కిక్‌లు) దక్కించుకుని, 27 పాయింట్లు చేసి ఆధిక్యంలోకి వచ్చి, ఆ వెంటనే కిక్‌ఆఫ్ తిరుగు పరుగులో 97 గజాలు వదిలేసి 48-44తో ఓడారు. ఆ జాన్ టైలరే డివిజన్ 2 విజేత. అంటే విడిపోయిన ఊరిలోనే రాష్ట్ర స్థాయి జట్లు రెండున్నాయి.

లెక్కల_టీచరు:

ఇద్దరూ చెప్పింది వాస్తవమే. కానీ రెండు చోట్లా చెప్పనిది కొంత ఉంది.

మొదటిది. క్యారల్‌కు 9, 10 తరగతుల ప్రాంగణం ఒక్కటే. ప్లేనో సీనియర్‌కు రెండు. ఒక తొట్టి నుంచి మరో తొట్టికి నీళ్లు మార్చడం వేరు, రెండు వేర్వేరు కాలువలను కలపడం వేరు. సౌత్‌లేక్‌లో మిడిల్ స్కూల్ నుంచే పిల్లలు ఒకే పద్ధతి ఆట నేర్చుకుంటూ వస్తారు.

రెండోది. టాడ్ డాజ్ గొప్ప కోచే. అదే మనిషి సౌత్‌లేక్ వదిలి నార్త్ టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లి 6 గెలిచి, 37 ఓడి, 2010లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 79-1 నాటి తెలివి మూడేళ్లలో మాయమైందా? చేతిలో ఉన్న పిల్లలు, వాళ్లను అందించే వ్యవస్థ మారాయి.

నేను వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (బడులను నడిపే స్థానిక సంస్థలో) లెక్కలు చెబుతాను, బడి పేరు చెప్పను. అక్కడ నా పక్క గదుల్లో పాఠాలు చెప్పేది ఫుట్‌బాల్ కోచ్‌లే. టెక్సస్‌లో సహాయ కోచ్‌లు టీచర్లు కూడా. పొద్దున బరువుల గది, పగలు చరిత్ర పాఠమో ఆరోగ్య పాఠమో, సాయంత్రం ప్రాక్టీసు, వారాంతంలో వీడియో చూడటం. హెడ్ కోచ్‌ను మార్చినప్పుడు ఆయనొక్కరే పోరు. ఆయన తెచ్చుకున్నవాళ్లలో చాలామంది వెంటే పోతారు. కొత్తాయన కొత్త ప్లేబుక్, అంటే ఎత్తుగడల పుస్తకం, తెస్తారు. నా క్లాసులో ఒక పిల్లవాడు నాలుగేళ్లలో మూడు పద్ధతులు నేర్చుకోవలసి వచ్చింది. మొదటి కోచ్ వాడిని లైన్‌బ్యాకర్ అన్నారు, రెండో ఆయన డిఫెన్సివ్ ఎండ్ అన్నారు, మూడో ఆయన బెంచీ మీద కూర్చోబెట్టారు. వాడు ఏ తప్పూ చేయలేదు.

ప్లేనోలో టామ్ కింబ్రో 1970ల మధ్య నుంచి 1990ల మొదలు దాకా ఉన్నారు. మూడు టైటిళ్లు ఆయన హయాంలోనివే: 1977, 1986, 1987. రెండో దానికీ మూడో దానికీ ఏడాదే తేడా. మొదటిదానికీ రెండోదానికీ మాత్రం తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లు ఊరు ఆయనను ఉంచుకుంది. ఇవాళ ఏ ఊరు ఆగుతుంది?

ఆలెన్_నివాసి:

పక్క ఊరివాడిగా ఒక మాట. మా ఆలెన్ సంగతి అందరూ స్టేడియంతో మొదలుపెడతారు. 2012లో 6 కోట్ల డాలర్లతో 18 వేల మంది కూర్చునే స్టేడియం కట్టాం. 2014లో కాంక్రీటులో పగుళ్లు వచ్చి మూసేశాం. అయినా ఆ ఏడాది కూడా టైటిల్ గెలిచాం, ఇంటి మైదానం లేకుండానే! కాబట్టి స్టేడియం గెలిపించదు.

మమ్మల్ని గెలిపించింది ఒకే హైస్కూలు. ఊరు ఎంత పెరిగినా రెండో హైస్కూలు కట్టలేదు. 2008, 2012, 2013, 2014, 2017 టైటిళ్లు అలా వచ్చినవే. మా బడిలో ఆడిన కైలర్ మరీ ఆరంభం నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన 42 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. 2013 ఫైనల్‌కు 54,347 మంది వచ్చారు.

కానీ 2017 తర్వాత మాకూ టైటిల్ లేదు. అదే బడి, అదే స్టేడియం. 2022, 2023లో డంకన్‌విల్, డిసోటో హైస్కూళ్లు రెండు డివిజన్ల కప్పులూ డాలస్ దక్షిణానికి పట్టుకుపోయాయి. ఏడేళ్లకోసారి వచ్చే మంచి బ్యాచ్‌ను చూసి మనం దాన్ని వ్యవస్థ అనుకుంటాం. కైలర్ మరీ లాంటివాడు ప్రతి తరానికీ పుట్టడు.

బ్యాండ్_అమ్మ:

ఈ చర్చలో పిల్లల సంఖ్య గురించి ఎవరూ మాట్లాడటం లేదు. బడిలో ఎందరు చదువుతున్నారన్నది కాదు, ఎందరు ఆడుతున్నారన్నది.

మా అమ్మాయి మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. ఆగస్టులో పార్కింగ్ స్థలంలో గీసిన తెల్లగీతల మీద, అరికాళ్లు కాలే తారు మీద గంటల తరబడి నడుస్తారు. ఆ వరసల్లో తెలుగు, తమిళ, చైనీస్ ఇళ్ల పిల్లలు నిండుగా ఉంటారు. శుక్రవారం రాత్రి స్టాండ్స్‌లో మన తల్లిదండ్రులు కనిపిస్తారు, పులిహోర డబ్బాలు కూడా కనిపిస్తాయి. మైదానంలో హెల్మెట్ పెట్టుకున్న మనవాడు మాత్రం అరుదు. ప్లేనో, ఫ్రిస్కో జనాభాలో మన వాటా ఏళ్ల తరబడి పెరుగుతోంది. ఫుట్‌బాల్‌కు వచ్చే పిల్లలు ఆ లెక్కన పెరగరు.

దీనికి మమ్మల్ని తప్పుపట్టకండి. 2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించిన 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ఆటగాళ్ల మెదళ్లలో 110 మందిలో దెబ్బల వల్ల వచ్చే జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. అవి కుటుంబాలు ఇచ్చిన మెదళ్లు, అనుమానం ఉన్నవాళ్లే ఎక్కువగా ఇస్తారు, ఆ సంగతి తెలుసు. తెలిసినా నా కొడుకును పంపను. 2008-09లో దేశంలో 11 లక్షలకు పైగా హైస్కూల్ పిల్లలు పదకొండు మంది జట్లలో ఆడేవారు, ఇప్పుడు ఆ సంఖ్య దాని కంటే తక్కువ. అంటే మేమొక్కరమే భయపడటం లేదు.

స్కోరుబోర్డు:

బ్యాండ్ అమ్మ గారూ, మీ భయాన్ని గౌరవిస్తాను. కానీ సంఖ్య సాకు ప్లేనోకు చెల్లదు. రాష్ట్రంలో బడుల ఆటలను నడిపే యూఐఎల్ రెండేళ్లకోసారి విద్యార్థుల లెక్క తీసి బడులను వర్గాలుగా విడగొడుతుంది. అన్నిటికన్నా పై వర్గం 6ఏ. ప్లేనో స్కూళ్లు ఆ వర్గంలోనూ పెద్దవాటి వరసలో ఉంటాయి. ఒకసారికి మైదానంలోకి దిగేది పదకొండు మందే, దాడికి పదకొండు, రక్షణకు పదకొండు. ఇన్ని వేల మందిలో ఇరవై రెండు మంది దొరకరా?

లైన్‌మన్_నాన్న:

దొరకరు స్కోరుబోర్డు గారూ, ఎందుకంటే వెతకడం లేదు. తొమ్మిదో తరగతిలో 65 కిలోలుండే పొడుగు కుర్రాడిని చూసి “వీడు మూడేళ్లలో టాకిల్ అవుతాడు” అని గుర్తుపట్టి, రోజూ పలకరించి, బరువులు ఎత్తించి, తిండి గురించి తల్లితో మాట్లాడే పెద్దమనిషి కావాలి. పెద్ద బడిలో అలాంటివాడు ఒక సీజన్ బెంచీ మీద కూర్చుని, రెండో సీజన్‌లో ఆట మానేస్తాడు. రెండు ప్రాంగణాల్లో ఇద్దరు అలా మానేస్తే సీనియర్ కోచ్‌కు వాళ్ల పేర్లు కూడా తెలియవు. చిన్న ఊళ్లలో ఆ కుర్రాడిని అన్నివైపులా ఆడించక తప్పదు కాబట్టి నిలబెట్టుకుంటారు. విద్యార్థుల సంఖ్య పెద్దదైనకొద్దీ పిల్లలు జారిపోవడం తేలికవుతుంది.

1994 ప్రశ్నకు నా జవాబు ఊరి పెరుగుదలలో ఉంది. 1960లో ప్లేనో జనాభా 3,695. 1980కి 72,331. 2000కి 2,22,030. బడిని విడగొట్టినా ఖాళీ అయిన చోటు వెంటనే నిండింది, చిన్న పిల్లలున్న కుటుంబాలు ఏటా దిగేవి. 1999లో ప్లేనో వెస్ట్ తెరిచి మూడో ముక్క చేశారు. అప్పటికి కొత్త ఇళ్లు ఉత్తరానికి జరిగిపోయాయి: ఆలెన్, ఫ్రిస్కో, ప్రాస్పర్. ఒకప్పుడు 55 వేలు దాటిన డిస్ట్రిక్ట్ విద్యార్థుల సంఖ్య ఇప్పుడు 50 వేలకు దిగువన ఉంది. కొన్ని బడులు మూసేయాలని 2024లో బోర్డు తీర్మానించింది. పెరిగే ఊరికి కుదిరిన విభజన పెరగని ఊరికి కుదరదు.

ఆలెన్_నివాసి:

ఈ లెక్క రేపు మాకూ వర్తిస్తుంది. మా దగ్గరా ఖాళీ స్థలం అయిపోతోంది.

లెక్కల_టీచరు:

మరి చేయగలిగింది ఏమిటి? ఫుట్‌బాల్ కోసం ఎవరూ ప్రాంగణాలు కలపరు, కలపకూడదు కూడా. వేల మంది పిల్లల చదువు, బస్సు ప్రయాణం దాని మీద ఆధారపడి ఉన్నాయి.

లైన్‌మన్_నాన్న:

కలపమని నేను అడగడం లేదు. క్లార్క్, వైన్స్, సీనియర్ మూడు చోట్లా ఒకే ప్లేబుక్, ఒకే పదాలు. సెంటర్ అరిచే ఆ ఒక్క మాటకు మూడు చోట్లా ఒకే అర్థం ఉండాలి. లైన్ కోచ్ ఒక్కరినైనా తొమ్మిదో తరగతి పిల్లల దగ్గరకు వారానికి రెండు రోజులు పంపాలి, వాళ్ల పేర్లు ఆయనకు తెలియాలి. ఆటకు వచ్చి మానేసిన ప్రతి పిల్లవాడికీ ఎవరో ఒకరు ఫోను చేసి ఎందుకు మానేశావని అడగాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. స్కూల్ బోర్డుకు ఉత్తరం రాస్తున్నాను, సంతకం చేసేవారు ఇక్కడే చెప్పండి.

బ్యాండ్_అమ్మ:

తలకు దెబ్బ తగిలిన పిల్లవాడిని తిరిగి ఆడించాలా వద్దా అన్నది కోచ్ కాక డాక్టర్ తేల్చాలన్న నియమం ఇప్పటికే ఉంది. తొమ్మిదో తరగతి మ్యాచ్‌లకు కూడా అథ్లెటిక్ ట్రెయినర్ (గాయాలు చూసుకునే నిపుణుడు) తప్పకుండా ఉండాలని ఆ ఉత్తరంలో ఒక వాక్యం చేర్చండి. చేరిస్తే నా సంతకం ఉంటుంది.

స్కోరుబోర్డు:

నేనూ చేస్తాను. కానీ ముందు వాక్యం కోచ్ గురించి ఉండాలి: వచ్చే ఆయనకు కనీసం నాలుగేళ్లు ఇస్తామని బోర్డు రాతపూర్వకంగా చెప్పాలి, నాలుగేళ్ల తర్వాత ఫలితం అడగాలి. వారానికి రెండు రోజులు తొమ్మిదో తరగతి పిల్లల దగ్గరకు తన లైన్ కోచ్‌ను పంపాలంటే, ఆ పిల్లలు పన్నెండుకు వచ్చేదాకా తాను ఉంటానన్న నమ్మకం ఆయనకు ఉండాలి కదా.

లైన్‌మన్_నాన్న:

ముందు వాక్యం మీదే. ట్రెయినర్ వాక్యం రెండోది. రేపు సాయంత్రానికి చిత్తుప్రతి ఇక్కడ పెడతాను.