వెనక డ్రమ్ తీసి డిస్క్ వేసేటప్పుడు: మాస్టర్ సిలిండర్, రిమ్ములు, హ్యాండ్‌బ్రేక్

మట్టిదారి
లీఫ్ స్ప్రింగుల 4×4 కి వెనక డ్రమ్ బ్రేకులు తీసి డిస్క్ బ్రేకులు వేస్తున్నా. కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని నొక్కేవి), వాటిని ఇరుసుకి బిగించే బ్రాకెట్లు, రోటర్లు (డిస్కులు) వచ్చేశాయి. పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసేది) సరిపోతుందా? 15 అంగుళాల రిమ్ములు కాలిపర్లకి తగలవు కదా? హ్యాండ్‌బ్రేక్ సంగతేంటి?

పాతఇరుసు
ముందు సిలిండర్ చూడండి. డ్రమ్ లైన్‌కి చాలా బళ్లలో రెసిడ్యువల్ వాల్వ్ ఉంటుంది, పెడల్ వదిలాక కూడా లైన్‌లో 10 పీఎస్ఐ దాకా ఒత్తిడి పట్టి ఉంచుతుంది. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. కాలిపర్‌లో అవి లేవు. వాల్వ్ అలాగే ఉంటే ప్యాడ్లు రోటర్‌ని రుద్దుతూనే ఉంటాయి, వేడికి హబ్ మీద చెయ్యి పెట్టలేరు. కొన్నిట్లో అది అవుట్‌లెట్ సీటు వెనకే దాక్కుని ఉంటుంది. సన్నటి వైరు దూర్చండి, కొంచెం వెళ్లి ఆగిపోతే ఉన్నట్టే.

బురదబండి
హ్యాండ్‌బ్రేక్ లీవర్ ఉన్న కాలిపర్లే తీసుకోండి, పాత కేబులే సరిపెట్టొచ్చు. ఒకటే జాగ్రత్త: వీటిలో చాలావాటికి హ్యాండ్‌బ్రేక్ లాగితేనే పిస్టన్ ముందుకొచ్చి గ్యాప్ సర్దుకుంటుంది. అది చెయ్యకుండా పెడల్ కిందికి పోతోందని, లైన్‌లో గాలి ఉందనుకుని అదే పనిగా గాలి తీస్తుంటారు.

కొండదారి
బురదలో తిరిగే బండికి లీవర్ కాలిపరా? షాఫ్ట్ సీలు దగ్గర ఇసుక చేరి లీవర్ బిగుసుకుపోతుంది, లాగితే వెనక్కి రాదు. హ్యాండ్‌బ్రేక్ కోసం రోటర్ లోపలే చిన్న డ్రమ్ ఉన్న రకం వేయాలి.

బురదబండి
ఆ చిన్న డ్రమ్ములోకి బురద పోదా? నీళ్లలో దిగి నాలుగు రోజులు పక్కన పెడితే అడ్జస్టర్ చక్రం తుప్పు పట్టి కదలదు. మీరు విప్పి చూశారో లేదో!

కొండదారి
విప్పకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. అడ్జస్టర్ మరలకి గ్రీజు పెడితే అంత తొందరగా పట్టదు.

ఇరవైఏళ్లస్పానర్
ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది, ఇద్దరూ వినండి. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక ఇరుసుని తిప్పే కడ్డీ) మీద పెట్టే బ్రేకుని మించింది లేదు. ఇరుసు గేరు నిష్పత్తి 4.5 అయితే చక్రాల దగ్గర పట్టు అన్ని రెట్లు పెరుగుతుంది, బురదకి ఎత్తులో ఉంటుంది.

కొండదారి
మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది) ఉన్న బండికి ఆ సలహా ఎలా ఇస్తారండీ? రాళ్లలో ఒక వెనక చక్రం గాల్లోకి లేస్తే, షాఫ్ట్ ఆగినా ఆ చక్రం ఎదురు తిరుగుతుంది, కిందున్నది దొర్లుతుంది. వాలులో బండి జారిపోతుంది. టైరు మార్చడానికి ఒక పక్క జాకీ ఎత్తినా అంతే. చక్రాలకి అడ్డు పెట్టాల్సిందే.

ఇరవైఏళ్లస్పానర్
లాకర్ (రెండు వెనక చక్రాల్నీ కలిపి బిగించేది) వేసుకుంటే ఆ గొడవే లేదు. అది వేయనప్పుడు మీరన్నది నిజమే. అడ్డు పెట్టకుండా జాకీ ఎత్తొద్దు.

పాతఇరుసు
అసలు చూడాల్సింది బ్రాకెట్ మందం. సెమీ ఫ్లోటింగ్ ఇరుసుల్లో (బండి బరువునీ ఇరుసు షాఫ్టే మోసే రకం) చాలావాటికి బేరింగ్ బిగింపు బ్యాక్‌ప్లేట్ (డ్రమ్ వెనక రేకు) మందం మీదే ఆధారపడి ఉంటుంది, ఇప్పుడు దాని చోటులోకి బ్రాకెట్ వస్తుంది. వెర్నియర్‌తో రెండూ కొలవండి. బ్రాకెట్ పలచగా ఉంటే బేరింగ్ నలుగుతుంది, మందంగా ఉంటే ఇరుసు అటూ ఇటూ ఆడుతుంది, షిమ్ములు (పలచటి రేకు వాషర్లు) వేయాల్సొస్తుంది. ఇంకోటి, బ్లీడర్ నిపుల్ (గాలి తీసే మర) పైకే ఉండాలి. కుడి ఎడమ కాలిపర్లు తారుమారైతే నిపుల్ కిందికొస్తుంది, గాలి లోపలే ఉండిపోతుంది.

ఎత్తుబండి
లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచేది) ఉందా? వెనక లోడ్ సెన్సింగ్ వాల్వ్ (బరువుని బట్టి వెనక బ్రేకుల ఒత్తిడి మార్చేది) ఉంటే బండి ఎత్తు పెంచగానే దాని కడ్డీ ఖాళీ బండి స్థితికి వాలిపోయి వెనక్కి ఒత్తిడి తగ్గించేస్తుంది. డిస్కుకి డ్రమ్ములా తనంతట తాను బిగుసుకునే గుణం లేదు, ఒత్తిడి ఎక్కువే కావాలి. కడ్డీ సరిచేయండి, లేదంటే దాన్ని తీసి సర్దుబాటు వాల్వ్ పెట్టండి. తడి నేల మీద, ఎవరూ లేనిచోట తొక్కి చూడాలి. ముందు చక్రాలకంటే వెనకవి ముందే లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది. అలా కాకుండా ఉండేదాకా వెనక ఒత్తిడి తగ్గిస్తూ రండి.

మట్టిదారి
రిమ్ముల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎత్తుబండి
కాలిపర్ మీద మెత్తటి మైనం ముద్ద అంటించి, రిమ్ము బిగించి చేత్తో ఒక చుట్టు తిప్పండి. మైనం 3 మిల్లీమీటర్లకంటే తక్కువకి నలిగితే ఆ రిమ్ము వద్దు. రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్సింగ్ బరువుల్ని మర్చిపోకండి, ముందు తగిలేవి అవే. బురద గట్టిపడి అందులో కంకర ఇరుక్కుంటే రిమ్ముకి లోపల గాడి పడుతుంది, అందుకే బురదలో తిరిగొచ్చిన ప్రతిసారీ అక్కడ నీళ్లు కొట్టి కడగాలి.