చీటీ లేకుండా గ్యాస్ మాత్రలు ఇవ్వడం ఆపాలా?

గుణుపూర్_వాసి:
మా నాన్నగారు నాలుగేళ్లుగా రోజూ పాంటాప్రజోల్ 40 అనే, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. డాక్టరు రాసింది ఎనిమిది వారాలకే. ఆ తర్వాత షాపులో అడిగినప్పుడల్లా ఇచ్చేస్తూ వచ్చారు. ఈ మధ్య అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైతే శ్రీకాకుళం తీసుకెళ్లాం. నరాలకు కావలసిన విటమిన్ బి12 బాగా తగ్గిపోయిందన్నారు. తిండిలోంచి ఆ విటమిన్ విడిపడాలంటే కడుపులో ఆమ్లం ఉండాలట. చీటీ లేనిదే ఈ మాత్ర ఇవ్వకూడదని నేనంటాను. మీరేమంటారు?

మందులషాపు_పర్లాకిమిడి:
నేరమంతా ఒక్క మాత్ర మీద వేయకండి. నాన్నగారు శాకాహారులా? షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? ఆ రెండిటి వల్లా బి12 తగ్గుతుంది. అసలు మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?

గుణుపూర్_వాసి:
పొద్దున ఐదున్నరకు, టీతో. టిఫిన్ ఎనిమిదింటికి. షుగరు లేదు, చేపలు తింటారు. నేనడిగింది వేళ గురించి కాదు.

మందులషాపు_పర్లాకిమిడి:
వేళ తప్పింది చూశారా! టిఫిన్‌కు అరగంట, మహా అయితే గంట ముందు వేసుకోవాలి. తిండి పడగానే కడుపులో ఆమ్లం తోడే పంపులు పనిలోకి దిగుతాయి. అప్పటికి మందు రక్తంలో ఉండాలి. గంట గంటకూ అది సగానికి తగ్గిపోతుంది. వేళ తప్పి వేసుకుని, మంట తగ్గలేదని ఏళ్ల తరబడి వాడేవాళ్లను రోజూ చూస్తున్నాను.

రాయగడ_కోడలు:
మా అత్తగారికి పొద్దున్నే చోడి అంబలి తాగితే మంట ఉండదు.

బరంపురం_77:
దాని బదులు రానిటిడిన్ అనే పాత గ్యాస్ మాత్ర వాడుకోవచ్చు కదా?

మందులషాపు_పర్లాకిమిడి:
అందులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం కనిపించిందని 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయించింది. మన అత్యవసర మందుల జాబితాలోంచీ 2022లో తీసేశారు. నేను పెట్టడం మానేశాను.

జయపురం_టీచరు:
నేను గ్యాస్ మాత్ర ఒక్కసారిగా మానేశాను. వారం తిరక్కుండా ముందుకన్నా ఎక్కువ మంట, పుల్లటి తేనుపులు. ఇన్నాళ్లు అణచిపెట్టిన ఆమ్లం ఒక్కసారిగా పొంగుతుందని, మెల్లగా తగ్గించుకోవాలని డాక్టరు చెప్పారు. తర్వాత కడుపులో అల్సర్ (పుండు) తెచ్చే పైలోరీ బాక్టీరియా ఉందేమోనని పరీక్ష రాశారు. దానికి ముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర వేసుకోకూడదు, వేసుకుంటే బాక్టీరియా దొరక్కపోవచ్చు. నాకు దొరికింది. 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సుతో పోయింది. ఆ బాక్టీరియాను కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. మన దగ్గర మాత్రం అల్సర్ అనగానే ఇప్పటికీ కారం మీదే పడతారు.

గుణుపూర్_వాసి:
అదీ నా మాట! మాత్ర మంటను కప్పేస్తుంది, కింద ఏముందో ఎవరూ చూడరు. మీ షాపులకు అమ్మకం జరిగితే చాలు.

మందులషాపు_పర్లాకిమిడి:
మాట జాగ్రత్త బాబూ. మీరు శ్రీకాకుళం వెళ్లగలరు. కొండ ఊళ్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషి ఎక్కడికి వెళ్తాడు? మా అన్నయ్య మోకాళ్ల నొప్పికి ఆరు నెలలు డైక్లోఫెనాక్ అనే నొప్పుల మాత్ర మింగాడు. అది కడుపులో పుండు చేస్తుంది, అయినా తోడుగా గ్యాస్ మాత్ర వేసుకోలేదు. తారులాంటి నల్లటి విరేచనాలు అవుతుంటే ఎవరికీ చెప్పలేదు. ఒక రాత్రి రక్తం కక్కుకున్నాడు, ఆసుపత్రి చేరేలోపే పోయాడు. ఈ మాత్ర ప్రాణం నిలబెడుతుంది.

గుణుపూర్_వాసి:
క్షమించండి, ఒక్కటి అడుగుతాను. ఆ నొప్పుల మాత్ర చీటీతో వచ్చిందా?

మందులషాపు_పర్లాకిమిడి:
లేదు. మా షాపు నుంచే. నేనే ఇచ్చాను.
ఆ రోజు నుంచి నొప్పుల మాత్రకు వచ్చిన పెద్దవాళ్లెవరినీ గ్యాస్ మాత్ర లేకుండా పంపలేదు. అది తప్పంటే నేనెలా ఒప్పుకుంటాను?

గుణుపూర్_వాసి:
నాన్నకు నెలనెలా స్ట్రిప్పులు కొని తెచ్చింది కూడా నేనే. నాలుగేళ్లలో ఒక్కరైనా "ఇంకా ఎన్నాళ్లు వాడతారు?" అని అడిగి ఉంటే ఆగేవాణ్ణి. నా బాధ అది.

మందులషాపు_పర్లాకిమిడి:
పది మంది నిలబడి ఉంటే అడగడం కుదరదు. అయినా ఇకపై మొదలుపెట్టిన తేదీ స్ట్రిప్ మీద రాసిస్తాను. చీటీ లేదని మాత్రం వెనక్కి పంపను.

గుణుపూర్_వాసి:
తేదీ చాలదు. గడువు దాటితే ఇవ్వకూడదు.

మందులషాపు_పర్లాకిమిడి:
పక్క షాపుకు వెళ్తారు.

రాయగడ_కోడలు:
నాన్నగారికి బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారా?

గుణుపూర్_వాసి:
మొదలుపెట్టారమ్మా. ఇప్పటికి ఐదయ్యాయి. గడప దాటేటప్పుడు ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నారు.