ఫిరంగి ఎముకా, నల్లి బొక్కా? గుర్రం కాలి పేర్ల మీద చర్చ

ప్రశ్న (నల్లగొండ):
గుర్రాల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. కాలి దగ్గరికొచ్చి ఆగిపోయాను. మోకాలి కింది కానన్ బోన్‌కి ఫోన్‌లోని యాప్ "ఫిరంగి ఎముక" అంటోంది, గిట్ట లోపలి కాఫిన్ బోన్‌కి "శవపేటిక ఎముక". ఇవి అచ్చేస్తే జనం నన్ను బతకనిస్తారా? కరభాస్థి, అంగుళ్యాస్థి అని పాఠ్యపుస్తకాల మాటలున్నాయి గానీ, గుర్రాన్ని మేపేవాళ్లకు అవి ఎక్కవు. మనవైపు మాటలేమైనా ఉన్నాయా?

జవాబు (దేవరకద్ర):
అన్నా, ఫిరంగికీ దానికీ సంబంధం లేదు. ఆ కానన్ అంటే గొట్టం. మనం మటన్ కొట్టులో "నల్లి బొక్క వెయ్యి" అంటాం చూడండి, ఆ నల్లి కూడా గొట్టమే. మూలుగున్న బొక్క ఏదైనా నల్లే కాబట్టి, మొదటిసారి "మోకాలి కింది నల్లి బొక్క" అని రాస్తే సరి.

పాయలో వచ్చే మేక నల్లిని చేతిలోకి తీసుకుని చూడండి. ముందువైపు నిలువునా ఒక గాడి, అడుగున రెండుగా చీలిన కొస. రెండు బొక్కలు కలిసి ఒకటైంది అది, కింద గిట్టలూ రెండే కదా. గుర్రం నిలబడేది మాత్రం ఒక్క మధ్యవేలి మీద. అందుకే దాని నల్లి ఒంటిది. రెండో వేలికీ నాలుగో వేలికీ గుర్తుగా నల్లి వెనక అటొకటి ఇటొకటి సన్న బొక్కలు అంటుకుని ఉంటాయి. పైన లావుగా మొదలై, దిగేకొద్దీ సన్నబడి, కింది కీలు దాకా రాకుండానే చిన్న గుబ్బతో ఆగిపోతాయి. మోకాలి కింద కండ లేనట్టే కాబట్టి తడిమితే వేలికి తగుల్తాయి. వీటిని "పక్క బొక్కలు" అంటే చాలు.

ఆ కీలు వెనకున్న, సెసమాయిడ్లు అనే జంట బొక్కలను "నువ్వు బొక్కలు" అనకండి. పేరు నువ్వుల నుంచే వచ్చింది గానీ, గుర్రంలో అవి అంత చిన్నవేం కావు.

నాకు బాగా నచ్చింది పాస్టర్న్. కీలుకూ గిట్టకూ మధ్య ఏటవాలుగా ఉండే భాగం, పైన పొడుగు బొక్క, కింద పొట్టి బొక్క. మేతకు వదిలేటప్పుడు బందం వేసేది ఇక్కడే. "ముందరి కాళ్లకు బందం" అని ఊరికే అనలేదు మనవాళ్లు! పాస్టర్న్ అన్న మాటకు మూలం కూడా మేసే పశువు కాలికి వేసే ఆ బందమే. "బందం పట్టు" అనండి, హాయిగా సరిపోతుంది. గిట్ట లోపల దాగి ఉండేది గిట్ట బొక్క. దాని వెనక నావిక్యులర్, అంటే పడవ బొక్క.

ఇంకొకరు (మిర్యాలగూడ):
బొక్క అంటే కోస్తావాళ్లు చిల్లు అనుకుంటారు సార్. పైగా గుర్రం ముందుకాలిది మోకాలే కాదు, మన మణికట్టుతో సమానం. అదీ మార్చాలి.

జవాబు (దేవరకద్ర):
ఎముక అనుకుందాం, అభ్యంతరం లేదు. నల్లి ఎముక, గిట్ట ఎముక. మోకాలును మాత్రం కదిలించకండి. బరాత్ గుర్రం కుంటుతుంటే "మణికట్టు వాచింది" అని డాక్టర్‌కు ఫోన్ చేసేవాళ్లు మన రెండు జిల్లాల్లోనూ ఉండరు. ఎముకల లెక్కలో అది మణికట్టని, అసలు మోకాలు వెనక కాలికి పైన, పొట్ట పక్కన ఉంటుందని ఒకచోట చెప్పి ముందుకు పోవచ్చు.