నేచర్ లాడ్జ్‌లో ఉన్నప్పుడు దేవాంగ పిల్లి, అలుగు కనిపించే అవకాశం ఉందా?

చీకటిచూపు:
వచ్చే నెల అడవి అంచున ఉన్న ఒక లాడ్జ్‌లో ఉండబోతున్నాం. పులి మీద నాకంత ఆశ లేదు, దేవాంగ పిల్లి (చెట్ల మీద తిరిగే పెద్ద కళ్ల చిన్న జంతువు, స్లెండర్ లోరిస్) గానీ అలుగు (ఒంటినిండా పొలుసులుండే పాంగోలిన్) గానీ ఒక్కసారి చూడాలని ఎన్నో ఏళ్ల కోరిక. నైట్ సఫారీ జీపు ఎక్కాలా, లాడ్జ్ చుట్టుపక్కలే వెతకాలా? టార్చ్ ఎలాంటిది ఉండాలి?

కొమ్మచాటు:
దేవాంగ పిల్లికైతే జీపు వద్దు, ఇంజిన్ చప్పుడులో ఏమీ వినపడదు. లాడ్జ్ గైడ్‌ని అడిగి నడిచి వెళ్లండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూశారా, మళ్లీ మొదటికే. ఎర్ర కాంతి ఉన్న హెడ్‌ల్యాంప్ తీసుకోండి, దాన్ని నుదుటి మీదే ఉంచండి, ఎందుకంటే దేవాంగ పిల్లి కంటి వెనక పొర మీద పడిన వెలుగు వచ్చిన దారినే తిరిగొస్తుంది, లైటు మీ కళ్ల ఎత్తులో ఉంటేనే ఆ మెరుపు మీకు కనపడుతుంది. కొమ్మల్లో పక్కపక్కనే రెండు నారింజ చుక్కలు కనిపించి, అవి మెల్లగా జరుగుతుంటే ఆశ పెట్టుకోవచ్చు. దేవాంగ పిల్లి దూకదు. చుక్కలు ఒక్కసారిగా పక్క చెట్టు మీదికి వెళ్లాయంటే అది వేరే జంతువు. నేల మీద సన్నగా మిణుకుమనేవి చాలావరకు సాలీళ్లే, కొత్తవాళ్లందరూ మొదట వాటినే చూసి ఆగిపోతారు.

పుట్టదగ్గర:
అలుగు విషయంలో నిజం చెప్పాలంటే, అడవిలోనే బతుకంతా గడిపినవాళ్లలో కూడా చాలామందికి అది కనపడదు. పగలు గైడ్‌తో వెళ్లి, అలుగు చెదల కోసం కొత్తగా తవ్విన పుట్టలు ఎక్కడున్నాయో చూసుకోండి, కానీ ఎలుగుబంటి కూడా పుట్టలు తవ్వుతుంది, కాబట్టి రాత్రి ఒంటరిగా అటు వెళ్లొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. కనపడితే దూరంగానే ఆగిపోండి. భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది, వేటగాళ్లు దాన్ని అలాగే చేత్తో ఎత్తుకుపోతారు. మొత్తం 8 జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్ని 2016లో నిషేధించినా దొంగ రవాణా ఆగలేదు. ఫోటో పెడితే లొకేషన్ తీసేసి పెట్టండి, లాడ్జ్ పేరు కూడా రాయకండి.

చీకటిచూపు:
లొకేషన్ సంగతి అసలు ఆలోచించలేదు, థాంక్స్ అండి. వెన్నెల ఉన్న రోజులు మంచివా? ఫ్లాష్ వాడొచ్చా?

కొమ్మచాటు:
ఫ్లాష్ వద్దే వద్దు, దేవాంగ పిల్లి పెద్ద కళ్లకి అది చాలా బాధ. ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవడం కూడా వద్దు. వెన్నెల జంతువుని బట్టి ఉంటుంది, ముళ్లపంది లాంటివి పున్నమి వెలుగులో బయట తిరగడం తగ్గిస్తాయి. సెలవులు మార్చుకునే వీలుంటే అమావాస్య దగ్గర పెట్టుకోండి, లేకపోతే చంద్రుడు ఎప్పుడు ఉదయిస్తాడో చూసుకుని అంతకు ముందే బయల్దేరండి.