ఇంటి విలువలు పెరిగినా స్కూళ్లకు డబ్బు చాలదంటారేంటి? (టెక్సస్ వాట్రీ ఓటు)

కొత్త_ఓటరు:
కాలిన్ కౌంటీలో ఉంటున్నాం. ఇళ్ల అప్రైజల్ విలువలు (పన్ను కోసం కౌంటీ కట్టే విలువలు) కొన్నేళ్లలో బాగా పెరిగాయి. అయినా మా ఐఎస్‌డీ (స్థానిక స్కూళ్లను నడిపే స్కూలు జిల్లా) లోటు బడ్జెట్ అంటోంది, నవంబరులో వాట్రీ (పన్ను రేటు పెంపుకు ఓటర్ల ఆమోదం అడిగే ఎన్నిక) పెట్టి ఎం అండ్ ఓ రేటు (రోజువారీ నిర్వహణ ఖర్చుల పన్ను) 3 సెంట్లు పెంచమని అడగబోతోంది. పెరిగిన విలువల మీద వచ్చిన పన్ను ఏమవుతోంది? బాండ్ల మీద అప్పుగా తెచ్చే డబ్బుతో టీచర్ల జీతాలు ఇవ్వకూడదా? మార్కెట్ విలువ 5,50,000 డాలర్లున్న ఇంటికి, హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉంటున్న ఇంటికి పన్ను మినహాయింపు) ఉంటే, 3 సెంట్లంటే ఏడాదికి ఎంత పడుతుంది? లెక్క తెలిసినవాళ్లు చెప్పగలరు.

బడ్జెట్_పుస్తకం:
మీ ఇంటి విలువ పెరిగితే ఐఎస్‌డీకి ఎక్కువ డబ్బు వస్తుందనుకోవడంలోనే చిక్కంతా ఉందండి. స్కూలు జిల్లాకు ఎంత రావాలో రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో రాసిన సూత్రమే తేలుస్తుంది. సగటు రోజువారీ హాజరును బేసిక్ అలాట్‌మెంట్‌తో (ఒక్కో విద్యార్థికి రాష్ట్రం పెట్టిన మూల మొత్తంతో) గుణించి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, ద్విభాషా తరగతులకు అదనపు మొత్తాలు కలిపితే జిల్లా అర్హత మొత్తం వస్తుంది. అందులోంచి స్థానిక ఆస్తి పన్ను వాటా తీసేసి, మిగిలింది మాత్రమే రాష్ట్రం ఇస్తుంది.

ఊహకు ఒక అంకె తీసుకోండి. అర్హత 30 కోట్ల డాలర్లు. ఈ ఏడు స్థానిక పన్ను 24 కోట్లు వస్తే రాష్ట్రం 6 కోట్లిస్తుంది. వచ్చే ఏడు విలువలు పెరిగి స్థానికంగా 25.5 కోట్లు వసూలైతే రాష్ట్రం 4.5 కోట్లే ఇస్తుంది. స్కూలు చేతికి వచ్చేది రెండేళ్లూ అదే 30 కోట్లు. స్థానిక వసూలు అర్హతను దాటితే ఆ పైమొత్తాన్ని రాష్ట్రానికి కట్టాలి. దీన్నే రీకాప్చర్ అంటారు, 1993 నుంచి ఉంది. పైగా 2019లో వచ్చిన హౌస్ బిల్ 3 ప్రకారం, విలువలు వేగంగా పెరిగినచోట ఎం అండ్ ఓ రేటు దానంతటదే కిందికి నొక్కబడుతుంది.

అసలు ఇరకాటం బేసిక్ అలాట్‌మెంట్ దగ్గర ఉంది. 2019లో విద్యార్థికి 6,160 డాలర్లుగా పెట్టారు. 2025 దాకా దాన్ని కదపలేదు. అప్పుడు హౌస్ బిల్ 2తో పెంచింది 55 డాలర్లే, అంటే 6,215. టీచర్ల జీతాలకు ఆ బిల్లులోనే విడిగా డబ్బిచ్చారు, నిజమే. కానీ ఆ డబ్బు జీతాలకే పోవాలి. ఈ ఆరేళ్లలో ఇన్సూరెన్స్, కరెంటు, బస్సుల ఖర్చు ఎక్కడినుంచి ఎక్కడికి పోయాయో చూస్తే లోటు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఇంత పెద్ద రాష్ట్రం తన భారాన్ని ఇలా ఊళ్ల మీదికి తోసేయడం అన్యాయమనే నేనంటాను.

బాండ్ సంగతి: పన్ను రేటులో రెండు భాగాలు. ఎం అండ్ ఓలో జీతాలు, కరెంటు, బస్సుల డీజిల్. ఐ అండ్ ఎస్‌లో అప్పు వాయిదాలు మాత్రమే. బాండ్ డబ్బుతో భవనాలు, పైకప్పులు, బస్సులు, కంప్యూటర్లు కొనొచ్చు, టీచరుకు జీతం ఇవ్వడం చట్టరీత్యా కుదరదు. "కొత్త స్టేడియం కడుతూ టీచర్లను తీసేస్తున్నారు" అన్న కోపానికి కారణం ఈ గోడే.

మీ లెక్క: 2025 నుంచి స్కూలు పన్నుకు హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ 1,40,000 డాలర్లు. 5,50,000లో అది తీసేస్తే 4,10,000. రేటు ప్రతి 100 డాలర్లకు కాబట్టి ఒక సెంటు అంటే ఏడాదికి 41 డాలర్లు, 3 సెంట్లకు 123. హోమ్‌స్టెడ్ మీద 10 శాతం క్యాప్ (పన్ను విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదన్న పరిమితి) వల్ల మీ అప్రైజ్డ్ విలువ మార్కెట్ విలువకంటే తక్కువుంటే ఇంకా తగ్గుతుంది.

పెన్నీ_లెక్క:
పైన చెప్పిందానికి ఒకటి కలపాలి. అన్ని సెంట్లూ ఒకటి కావు. రాష్ట్రం నొక్కిపెట్టిన రేటు మీద జిల్లా గరిష్ఠంగా 17 సెంట్లు వేసుకోవచ్చు. మొదటి 8 గోల్డెన్ పెన్నీలు, వీటికి రీకాప్చర్ లేదు, వసూలైనదంతా మీ ఊరి స్కూళ్లకే. తర్వాతి 9 కాపర్ పెన్నీలు, వీటికి రీకాప్చర్ వర్తిస్తుంది. గోల్డెన్‌లో 5 దాకా బోర్డు ఓటు లేకుండా వేసుకోగలదు. మీవాళ్లు ఆ 5 ఇప్పటికే వాడి ఇప్పుడు 3 అడుగుతుంటే అవి మిగిలిన గోల్డెన్ పెన్నీలే. ఇదే 12 అడిగితే నేను ముందు అడిగేది, కాపర్ వసూలులో ఎంత ఆస్టిన్‌కు తిరిగి పోతుందని.

ఎం అండ్ ఓ పెంచి అంతే ఐ అండ్ ఎస్ తగ్గించి మొత్తం రేటు మారకుండా చూసే జిల్లాలూ ఉన్నాయి. కాబట్టి రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

బ్యాలెట్ మీది మాటలు రాష్ట్ర చట్టం నిర్దేశించినవి. వాట్రీ బ్యాలెట్‌లో రేటు, ఆదాయం ఎంత శాతం పెరుగుతుంది, ఎన్ని డాలర్లు అన్నవే ఉంటాయి, ఆ డబ్బు దేనికో ఉండదు. బాండ్ బ్యాలెట్‌లోనైతే రేటు పెరగకపోయినా "ఇది ఆస్తి పన్ను పెంపు" అని రాసి తీరాలి. జీతాలు పెంచుతామన్న హామీ బ్యాలెట్‌లో కనిపించదు గనుక, బోర్డు తీర్మానంలో అది ఉందో లేదో చూసుకోవాలి.

ఓటర్లు కాదంటే ఏమవుతుందో ఫ్రిస్కో ఐఎస్‌డీ చూపించింది. అక్కడ 2016లో పన్ను పెంపు ఓడింది, 2018లో గెలిచింది, 2024 నవంబరులో వాట్రీతోపాటు బాండ్ ప్రతిపాదనలన్నీ ఓడాయి. జులై 1న మొదలయ్యే బడ్జెట్‌లో నడిచే జిల్లాకు నవంబరులో కాదంటే, సగం ఏడాదిలో కోతలు వెతుక్కోవాలి.

కొత్త_ఓటరు:
చాలా థాంక్సండి. మా వీధిలో సగం మంది హెచ్1బీ, గ్రీన్‌కార్డు వాళ్లే. పన్ను కడుతున్నారు, ఓటు లేదు. వాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా?

బడ్జెట్_పుస్తకం:
ఉంది. బోర్డు మీటింగులో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. అజెండాలో బడ్జెట్, రేటు ఉన్న రోజు ముందుగా పేరు రాయించుకోండి. వాట్రీకి ముందు ఎఫిషియెన్సీ ఆడిట్ చేయించి ఫలితం వెబ్‌సైట్‌లో పెట్టాలి. సాటి జిల్లాలతో పోలిస్తే పరిపాలన ఖర్చు ఎంతో అందులో ఉంటుంది, ప్రశ్న దాని మీద అడగండి. హోమ్‌స్టెడ్‌కూ పౌరసత్వం అక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే ఇంటి చిరునామా ఉండాలి. అది మార్పించకపోవడంతోనే చాలా దరఖాస్తులు తిరిగొస్తాయి.

పెన్నీ_లెక్క:
మనవాళ్లు పట్టించుకోనిది హాజరు. పేరు నమోదైనందుకు డబ్బు రాదు, క్లాసులో ఉన్నందుకే వస్తుంది. డిసెంబరు సెలవులకు ముందూ వెనకా కలిపి 15 బడిరోజులు ఇండియాలో ఉంటే, ఏడాదికి 175 రోజులనుకుని 6,215 మీద లెక్కేసుకోండి, ఒక్క బిడ్డకే సుమారు 530 డాలర్లు జిల్లా పోగొట్టుకుంటుంది. పైన తేలిన 123 డాలర్ల పెంపు పక్కన పెట్టి చూడండి.

డాక్టరు దగ్గరికి వెళ్లినా అదే రోజు బడికొచ్చి చీటీ ఇస్తే హాజరుగానే లెక్క. దీపావళి లాంటి మతపరమైన పండగ రోజుకు అడిగిన బిడ్డకు చట్టం ప్రకారం సెలవు ఇవ్వాలి, నిధుల లెక్కలో ఆ రోజు హాజరు కిందే వస్తుంది. బిడ్డ పేరు, తేదీ, పండగ పేరు రాసి ముందే అటెండెన్స్ క్లర్కుకు పంపండి. "ఫ్యామిలీ ఫంక్షన్" అని రాస్తే మాత్రం గైర్హాజరు కిందే పోతుంది.