సెట్ అడ్రస్ దగ్గర ఎర్రర్ -71: సొంత యూడీసీకి లినక్స్ డ్రైవర్

గడియారస్తంభం_అనంతపురం:
అన్నలూ, మా టీమ్ ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్ మనమే మార్చుకోగల చిప్) మీద సొంత యూఎస్‌బీ డివైస్ కంట్రోలర్ (యూడీసీ) చేసింది. దాని లినక్స్ డ్రైవర్ నా మీద పడింది. యూడీసీ రిజిస్టర్ అవుతోంది, గాడ్జెట్ జీరో (లినక్స్‌లోని టెస్ట్ గాడ్జెట్ డ్రైవర్) బైండ్ అవుతోంది. హోస్ట్ (అవతలి కంప్యూటర్) డివైస్ డిస్క్రిప్టర్, అంటే డివైస్ వివరాలు అడిగితే 18 బైట్లూ పోతున్నాయి. ఆ తర్వాతే తంటా. హోస్ట్ లాగ్‌లో 'డివైస్ నాట్ యాక్సెప్టింగ్ అడ్రస్, ఎర్రర్ -71' (ప్రోటోకాల్ ఎర్రర్) అని పడుతోంది. సెట్ అడ్రస్ (హోస్ట్ డివైస్‌కు అడ్రస్ ఇచ్చే రిక్వెస్ట్) సెటప్ ప్యాకెట్ రాగానే అడ్రస్ రిజిస్టర్‌లో రాసేస్తున్నా, డీడబ్ల్యూసీ2 (సినాప్సిస్ యూఎస్‌బీ కంట్రోలర్) డ్రైవర్‌లో ఉన్నట్టే.

కొండారెడ్డి_బురుజు:
ముందు కేబుల్ మార్చి చూడప్పా.

ఏడురోడ్ల_కూడలి:
18 బైట్లు పోతున్నాయంటే నాకు కేబుల్ మీద అనుమానం లేదు. 'రాగానే రాసేస్తున్నా' అన్నావే, అక్కడుంది. సెట్ అడ్రస్‌కు డేటా దశ ఉండదు, స్టేటస్ దశ (పని అయిందని డివైస్ చెప్పేది) ఉంటుంది. దానికోసం హోస్ట్ పంపే ఇన్ టోకెన్ (డివైస్‌ను ప్యాకెట్ పంపమని అడిగేది) ఇంకా అడ్రస్ 0కే వస్తుంది. నీ కంట్రోలర్ అప్పటికే కొత్త అడ్రస్‌కు మారిపోయింటే పలకదు. ఇల్లు మారినోణ్ణి పాతింటి వాకిట్లో నిలబడి పిలిచినట్టు.

డీడబ్ల్యూసీ2లో ముందే రాసినా నడుస్తుంది, ఆ హార్డ్‌వేర్ అట్లా కట్టినారు. మీది ఎట్లా కట్టినారో ఆర్‌టీఎల్ (హార్డ్‌వేర్ డిజైన్ కోడ్) రాసినాయన్ను అడుగు, సొంత చిప్‌తో ఉండే సుఖం అదొక్కటే. రాసిన వెంటనే అమలయ్యేదైతే అడ్రస్‌ను వేరియబుల్‌లో దాచు, ఈపీ0 (కంట్రోల్ ఎండ్‌పాయింట్) మీద సున్నా పొడవు ప్యాకెట్ పంపు, అది పోయిందని ఇంటరప్ట్ వచ్చాకే రిజిస్టర్‌లో రాయి. స్టేటస్ ముగిశాక 2 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది, తొందరేమీ లేదు. బస్ రీసెట్ వస్తే మళ్లీ 0 చెయ్యి. ఇంకోటి, ఈ రిక్వెస్ట్‌ను గాడ్జెట్ సెటప్ ఫంక్షన్‌కు పంపొద్దు. అది యూడీసీ డ్రైవర్ పనే. పంపితే ఎర్రర్ తిరిగొచ్చి నువ్వు స్టాల్ చేస్తావు, అంటే హోస్ట్‌కు కుదరదని చెప్తావు.

గడియారస్తంభం_అనంతపురం:
అడ్రస్ తీసుకుందన్నా! కాన్ఫిగరేషన్ కూడా సెట్ అయింది. ఇప్పుడు బల్క్ ట్రాన్స్‌ఫర్ మొదలుపెడితే మొదటి రిక్వెస్ట్ పూర్తి కాగానే బోర్డు బిగుసుకుపోతోంది. లాగ్ కూడా రాదు.

ఏడురోడ్ల_కూడలి:
గివ్‌బ్యాక్‌ను (పూర్తయిన రిక్వెస్ట్‌ను గాడ్జెట్‌కు తిరిగిచ్చే ఫంక్షన్) స్పిన్‌లాక్ పట్టుకునే పిలుస్తున్నావా? గివ్‌బ్యాక్ పిలిచే కంప్లీషన్ ఫంక్షన్‌లోనే గాడ్జెట్ జీరో మళ్లీ రిక్వెస్ట్‌ను క్యూ చేస్తుంది. నీ క్యూ ఫంక్షన్ అదే లాక్ అడుగుతుంది, అంతే, డెడ్‌లాక్. రిక్వెస్ట్‌ను ముందు లిస్టులోంచి తీసెయ్, లాక్ వదిలి గివ్‌బ్యాక్ పిలువు, మళ్లీ పట్టుకో. సెటప్‌ను పిలిచేచోటా ఇంతే. తిరిగొచ్చాక లిస్టు మారిపోయి ఉండొచ్చు, పాత పాయింటర్‌ను నమ్మొద్దు.

కొండారెడ్డి_బురుజు:
కెర్నెల్‌లో లాక్‌డెప్ (లాక్ తప్పులు పట్టే చెకర్) ఆన్ చేసి పెట్టుకో, ఇట్లాంటివి అదే చూపిస్తుంది.

గడియారస్తంభం_అనంతపురం:
లాక్ వదిలి పిలిచినా, టెస్ట్‌యూఎస్‌బీ (హోస్ట్ వైపు పరీక్షల టూల్) లో బల్క్ పరీక్షలు పాసయినాయి. అన్‌లింక్ (మధ్యలో రిక్వెస్ట్ రద్దు చేసే) పరీక్షలు రాత్రికి పెడతా. డీక్యూ (క్యూలోంచి రిక్వెస్ట్ తీసేసే ఫంక్షన్) ఇంకా సగమే రాసినా.