ఆఫీసు కాల్స్‌ను సాఫ్ట్‌వేర్ వినడం సబబేనా?

నైట్‌షిఫ్ట్: హైదరాబాద్‌లో ఓ కార్డుల కాల్ సెంటర్లో పని నాది. రెండు నెలలుగా మా కాల్స్ అన్నీ ఓ సాఫ్ట్‌వేర్ వింటోంది. మాటల్ని అక్షరాల్లోకి మార్చి, కార్డు నంబరో ఓటీపీనో దొర్లితే ఎర్ర గుర్తు పెడుతుంది. మొన్న ఓ పెద్దాయన ఫిర్యాదు నంబరు అడిగితే తెలుగులోనే నిదానంగా చెప్పాను. "డబుల్ ఫైవ్, మూడు, తొంభై ఎనిమిది..." అంతే, కార్డు నంబరు బయటికి చదివానని నా పేరు మీద గుర్తు పడింది. ఇన్సెంటివ్ పోయింది.

పాత టీఎల్: ఊరికే పడదండీ. 16 అంకెలుండాలి, లూన్ లెక్క (అది నిజంగా కార్డు నంబరులా ఉందో లేదో తేల్చే అంకెల లెక్క) కూడా కుదరాలి. మీ ఫిర్యాదు నంబరు ఎన్ని అంకెలు?

నైట్‌షిఫ్ట్: 14.

పాత టీఎల్: మరి ఎలా పడుతుంది? ఇంకేదో చదివుంటారు.

గోదారిగట్టు: గోడలకే చెవులనుకున్నాం, హెడ్‌సెట్లకూ వచ్చాయన్నమాట.

నైట్‌షిఫ్ట్: నేను చదివింది నాకు తెలీదా? కాల్‌ను అక్షరాల్లోకి మార్చిన స్క్రిప్ట్ తీయించి చూశాను. "తొంభై ఎనిమిది"ని 908 అని రాసుకుంది. అలాంటివి రెండు. 14 కాస్తా 16 అయింది.

పాత టీఎల్: 16 అయినా లూన్ కుదరాలిగా.

స్పీచ్‌పని: ఏ అంకెలు పేర్చినా పదింట ఒకటి లూన్‌లో నెగ్గుతుందండీ. పైగా మాస్టర్‌కార్డ్ నంబర్లు చాలావరకు 51 నుంచి 55తో మొదలవుతాయి. ఈయనది 55. తెలుగూ ఇంగ్లీషూ కలిపి అంకెలు చెబితే మెషిన్ తడబడటం మాకు రోజూ ఉండేదే.

పాత టీఎల్: సరే, ఒక్క కేసు. దానికోసం తీసేయమంటారా? కార్డు మీది రహస్య అంకెలు, సీవీవీ, చెల్లింపు అయ్యాక రికార్డింగులో కూడా మిగలకూడదని కార్డుల భద్రతకు పెట్టిన పీసీఐ నిబంధన. 2023 డేటా చట్టంలో భద్రత సరిగా లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా. తప్పు చేయనివాడికి టెన్షన్ దేనికి?

నైట్‌షిఫ్ట్: అసలు ఆ నంబరు నా చెవిన పడటమే దేనికి? కస్టమర్ ఫోన్ బటన్లు నొక్కితే, నాకు బీప్ మాత్రం వినిపించే పద్ధతి ఉంది. అది కొనరు, ఖర్చు. మా మీద కాపలా మాత్రం చవక. అన్నట్టు, మీ టీఎల్‌ల (టీమ్ లీడర్ల) కాల్స్ వింటుందా అది?

పాత టీఎల్: మాటలు జాగ్రత్త. ఆరేళ్ల కింద వేరే కంపెనీలో ఎవరో కస్టమర్ డబ్బు పోయింది. కాల్ రికార్డు దొరకలేదు. మా వరసలో ఐదుగురినీ ఇంటికి పంపారు. పదిహేను రోజులు. మా ఆవిడకు ఆఫీసుకు సెలవని చెప్పి, రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని పార్కులో కూర్చున్నా. రికార్డు ఉండుంటే నాకా గతి పట్టేదా?

గోదారిగట్టు: సెలవని చెప్పి లంచ్ బాక్స్ ఎందుకన్నా?

పాత టీఎల్: మొదట్లో చెప్పలేదు. తర్వాత చెప్పా. అది కాదు ఇక్కడ పాయింటు.

నైట్‌షిఫ్ట్: అన్నా, మీకు రికార్డు లేదు. నాకు ఉంది. రెండు నిమిషాల కాల్. తెరిచి వినమని మూడుసార్లు అడిగాను. "సిస్టమ్ చెప్పింది" అన్నారు.

పాత టీఎల్: ఎవరూ వినలేదా?

నైట్‌షిఫ్ట్: లేదు.

పాత టీఎల్: మీ టీఎల్‌ను వదిలేయండి. తేదీ, కాల్ టైమ్ వేసి నేరుగా కాల్స్ తనిఖీ చేసే క్వాలిటీ టీమ్‌కి మెయిల్ పెట్టండి. స్క్రిప్ట్‌లో ఆ 908 ఉన్న లైను జతచేయండి.

నైట్‌షిఫ్ట్: సోమవారమే పెట్టాను. ఆటో రిప్లై వచ్చింది.